ఏ రేకు కొనాలి, ఏ రేకు వంగుతాది

(ఒడిశాలోని రాయగడలో ఫ్యాబ్రికేషన్, అంటే రేకు కోసి వంచి వెల్డ్ చేసే పనివాళ్ళ కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళూ, ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాసేపట్లో ముక్కలు వంచి చూపిస్తాను, అంత దూరం నుంచి కనపడదు. గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, కోరాపుట్ వైపు జైపూర్ నుంచి కూడా వచ్చారంట, పని రోజు పోగొట్టుకుని వచ్చారు, చాలా సంతోషం.

నన్ను బెండింగ్, అంటే రేకు వంచడం గురించి చెప్పమన్నారు. అంటే మెషిన్ గురించి, డై, అంటే రేకు కింద పెట్టే వీ గాడి అచ్చు గురించి చెప్తాననుకుని ఉంటారు. దానికీ వస్తాను, గాని ముందు రేకు గురించి మాట్లాడాలి. ఎందుకంటే మన షాపుల్లో మడత దగ్గర రేకు పగిలితే ఎవర్ని తిడతాం? మెషిన్ మీదున్న కుర్రాణ్ణి తిడతాం. గట్టిగా నొక్కీసినావు, సరిగ్గా పెట్టలేదు అంటాం. కొన్ని చోట్ల వాడి కూలిలోంచి ఆ రేకు డబ్బులు కోసేస్తారు కూడా. అది అన్యాయం అండి, నేను గట్టిగా చెప్తున్నాను, అన్యాయం. పగిలిన పీసుల్లో ఎక్కువ భాగం ఎక్కడ పాడైపోయాయంటే కొట్లో, కొన్నప్పుడే పాడైపోయాయి. ఆ రేకు వంగదు. ఎవడు వంచినా వంగదు. దానికి కుర్రాడేటి చేస్తాడు?

కొట్టుకెళ్ళి మనం ఏటి అడుగుతాం చెప్పండి? "18 గేజు రేకు ఉందా, కేజీ ఎంత?" అంతే గదా. గేజు, రేటు. ఏ గ్రేడు అని అడిగినోళ్ళు ఇక్కడెంతమంది, చెయ్యెత్తండి. ... సరే. చూశారా? గేజు అనేది మందం చెప్తాది, అంతే. అది మెత్తగా ఉంటాదా, బిరుసుగా ఉంటాదా, వంచితే సాగుతాదా, చిట్లుతాదా, ఏదీ చెప్పదు. ఆ మందం కూడా సరిగ్గా ఉంటాదా అంటే అదీ లేదు. 16 గేజు అంటే 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7. మన దగ్గర 16 గేజు అని ఇచ్చీదాంట్లో 1.4 ఉన్నవి కూడా వస్తన్నాయి. అంచేత గేజు మాట మానీండి, మిల్లీమీటర్లలో అడగండి. జేబులో మందం కొలిచే వెర్నియర్ లేదా, ఫరవాలేదు, కాటా ఉంది గదా. 8 బై 4 అడుగుల మైల్డ్ స్టీల్, అంటే ఎంఎస్ అనే మామూలు ఉక్కు రేకు, ఒక్క మిల్లీమీటరు మందం, 23.4 కేజీలు తూగుతాది. ఇది గుర్తెట్టుకోండి, ఇది చాలు. 1.6 అయితే ముప్పై ఏడున్నర రావాలి. 33 వచ్చిందా, అది 1.4. అల్యూమినియం అయితే అదే సైజు, ఒక్క మిల్లీమీటరు, 8 కేజీలు.

ఇంకో మాట కూడా కొట్లో చెప్తారు, "ఇది వైజాగ్ స్టీల్ రేకు, కళ్ళు మూసుకుని తీస్కెళ్ళు" అని. అన్నయ్యా, వైజాగ్ స్టీల్ ప్లాంటులో రేకు తయారవదు. అక్కడ రాడ్లు, వైర్ రాడ్లు, యాంగిళ్ళు, ఛానళ్ళు అవుతాయి. రేకు కాయిల్స్ మన ఒడిశాలో అంటే రూర్కెలాలో అవుతాయి, కళింగనగర్‌లో టాటా వాళ్ళవి అవుతాయి. మరి లేని రేకుని పేరు పెట్టి అమ్ముతున్నాడంటే ఆ రేకు ఎక్కడిదో వాడికీ తెలీదన్నమాట.

సరే, రేకు వంగినప్పుడు లోపల ఏటి జరుగుతాది? బయటి వైపు సాగుతాది, లోపలి వైపు నలుగుతాది. పగులు ఎప్పుడూ బయటి వైపే వస్తాది, ఎందుకంటే సాగమంటే సాగలేకపోయింది. అంచేత వంచడానికి రేకు కొనేవాడు చూడాల్సింది బలం ఒక్కటే కాదు, ఎంత సాగుతాదో చూడాలి. కంపెనీ టెస్ట్ సర్టిఫికెట్‌లో అది రాసే ఉంటాది, ఎలాంగేషన్ అని, శాతంలో. ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 2062, ఈ250 అని మనం మామూలుగా వాడే స్ట్రక్చరల్ ప్లేటు ఉంది గదా, దానికి కనీసం 23 శాతం ఉండాలి. 304 స్టెయిన్‌లెస్‌కి 40 ఉంటాది. ఇప్పుడు దాని పక్కన యీల్డ్ అని ఇంకో నెంబరుంటాది, అంటే రేకు మళ్ళీ మామూలుగా సర్దుకోకుండా వంగిపోవడం మొదలయ్యే బలం, ఈ250కి 250 మెగాపాస్కల్. అది ఎక్కువయ్యేకొద్దీ రేకు వంగడానికి ఎక్కువ బలం అడుగుతాది, వంచి వదిలీసాక వెనక్కి కూడా ఎక్కువ తిరుగుతాది. చాలామంది "బాగా స్ట్రాంగ్ రేకు ఇయ్యి" అని అడుగుతారు. వంచే పనికి స్ట్రాంగ్ రేకు కాదు బాబూ కావాల్సింది, సాగే రేకు.

మైల్డ్ స్టీల్‌లో రెండు రకాలు, మీకు తెలుసు, హెచ్‌ఆర్, సీఆర్. వేడి మీద రోల్ చేసింది, అంటే రోలర్ల మధ్య నొక్కి తీసింది హెచ్‌ఆర్, నల్లగా పొలుసు ఉంటాది దాని మీద. చల్లగా రోల్ చేసింది సీఆర్, నున్నగా బూడిద రంగులో ఉంటాది. బీరువాలు, ప్యానెల్ బోర్డులు, కూలర్ బాడీలు, పెట్టెలు, వీటికి సీఆర్ తీసుకోండి, ఐఎస్ 513. అందులో కూడా సీఆర్1 నుంచి మొదలవుతాయి, నెంబరు పెరిగేకొద్దీ మెత్తన, సీఆర్4 అయితే లోతుగా నొక్కి గిన్నెలా తీసే పనికి. మనకి ఉత్త మడతలకి సీఆర్1, సీఆర్2 బాగా సరిపోతాయి. మూల గట్టిగా తిరగాలి, హెమ్మింగ్ కావాలి, అంటే అంచు పూర్తిగా మడిచి పడుకోబెట్టాలి అంటే అప్పుడు మెత్తనిది అడగండి.

ట్రాక్టర్ ట్రాలీ, బేస్ ప్లేట్లు, బ్రాకెట్లు, వాటికి హెచ్‌ఆర్. చవక, మందంగా దొరుకుతాది. కాని హెచ్‌ఆర్‌తో ఇబ్బంది ఏటంటే మందం ఈ చివర ఒకలాగ ఆ చివర ఒకలాగ ఉంటాది, మనం గాలిలో వంచుతాం గదా, పైనుంచి నొక్కే పంచ్ డై అడుగుకి తగలకుండా, అప్పుడు మందం కొంచెం మారినా కోణం మారిపోతాది, ఈ చివర 90 వస్తే ఆ చివర 91, 92 వస్తాది, ఆపరేటరు తల పట్టుకుంటాడు. ఆ నల్ల పొలుసు కూడా రాలి డైలో పడి డైని తినేస్తాది, తరవాత పీసు మీద గీతలు పడతాయి. దొరికితే యాసిడ్ కడిగి నూనె రాసిన హెచ్‌ఆర్ అడగండి, కొంచెం రేటెక్కువ, పెయింట్ పని ఉన్నోళ్ళకి ఆ ఎక్కువ డబ్బు గ్రైండింగ్ కూలిలో వచ్చీస్తాది.

స్క్రాప్ ప్లేటు గురించి ఒక్క మాట. పాత లారీల ముక్కలు, పాత మెషిన్ల ప్లేట్లు మన వైపు బాగా వాడతారు. తప్పనను, గోడకి అతికించీ ప్లేటుకైతే వాడండి. వంచే పనికి మాత్రం వద్దు. అందులో కార్బన్ ఎంతుందో ఎవడికీ తెలీదు, కార్బన్ ఎక్కువైతే బిరుసు. తప్పక వాడాల్సొస్తే ముందు అంచునుంచి ఓ రెండంగుళాల పట్టీ కోసి వైస్‌లో, అంటే బిగించే దవడల్లో పెట్టి వంచి చూడండి, తరవాతే పీసు కొయ్యండి.

ఇప్పుడు ఇది చూడండి. ఇలా పట్టుకో తమ్ముడూ. ఇది అల్యూమినియం, 3 మిల్లీమీటర్లు, 6061 టీ6 అనే గట్టి రకం. ఒకే రేకులోంచి మూడు పట్టీలు కోసి తెచ్చాను. దగ్గరగా చూస్తే సన్నటి గీతలు కనపడతాయి, కనపడుతున్నాయా? ఆ గీతలు రోలింగ్ జరిగిన దిశ. మొదటి పట్టీ, గీతలకి సమానంగా మడత వచ్చేలాగ, వైస్ దవడ మీద నేరుగా వంచుతున్నాను. ... విన్నారా చప్పుడు? సగం తిరక్కుండానే విరిగిపోయింది. రెండోది గీతలకి అడ్డంగా, అదే దవడ మీద. ... ఇదీ పగిలింది, కాని చూడండి, ఇంకొంచెం ఎక్కువ తిరిగి పగిలింది, పూర్తిగా ఊడలేదు. మూడోది గీతలకి అడ్డంగానే, కాని ఈ 25 ఎంఎం రాడ్డు చుట్టూ తిప్పుతున్నాను. ... 90 వచ్చింది. గోరుతో తడిమి చూడు తమ్ముడూ, పగులుందా? లేదు గదా.

మెటల్ ఒక్కటే, కుర్రాడూ ఒక్కడే. వెదురు బద్ద నిలువుగా చీల్చడం ఎంత సులువో అడ్డంగా విరవడం ఎంత కష్టమో మన ఏరియాలో పుట్టినోళ్ళకి చెప్పక్కర్లేదు, రేకుది కూడా అదే వరస. అంచేత కటింగ్ లేఅవుట్ వేసుకున్నప్పుడు రేకు మిగులుతాదని పీసుల్ని అటూ ఇటూ తిప్పీయకండి. ముఖ్యమైన మడతలు గీతలకి అడ్డంగా రావాలి. రెండు వైపులా మడతలుంటే రేకుని 45 డిగ్రీలకి తిప్పి కొయ్యండి, వేస్ట్ అవుతాది నిజమే, పగిలిన పీసు ఇంకా పెద్ద వేస్ట్.

అల్యూమినియం దగ్గరే ఉన్నాం గనక అది పూర్తి చేస్తాను. దమన్‌జోడిలో నాల్కో ఉంది, మన కాశీపూర్ దగ్గర ఉత్కళ్ అల్యూమినా ఉంది, మన కొండల్లో బాక్సైట్ తవ్వుతున్నారు, కాని ఇక్కడ తయారయ్యేది అల్యూమినా, తెల్ల పొడి. అది అంగుల్ లాంటి చోట్లకి వెళ్ళి కరిగి మెటల్ అయి ఎక్కడో రేకై మళ్ళీ మన దగ్గరకి వస్తాది. వచ్చినప్పుడు దాని మీద నెంబరు అడగండి. 1100, 3003, 5052, ఇవి వంగే రకాలు. 5052 హెచ్32 అయితే బలం ఉంటాది, మడతా వస్తాది, మందానికి సమానంగానో ఒకటిన్నర రెట్లో రేడియస్, అంటే మడత లోపలి గుండ్రం ఇస్తే చాలు. 6061 టీ6 అయితే మందానికి కనీసం మూడు రెట్లు, నాలుగు రెట్లు. నెంబరు తరవాత వచ్చే అక్షరం ఉంది చూడండి, ఓ, హెచ్, టీ, అదే అసలు సంగతి. ఓ అంటే పూర్తిగా మెత్తబెట్టింది, హెచ్ అంటే రోలింగ్‌తో గట్టిపడింది, టీ అంటే కాచి గట్టిపరిచింది. అదే 6061 ఓ అయితే చక్కగా వంగుతాది. అంచేత "6061 వంగదు" అనడం కూడా సరికాదు, టీ6 వంగదు అనాలి.

కొందరు గ్యాస్ టార్చ్‌తో వేడి చేసి వంచుతారు. సబ్బు రాసి అది నల్లబడేదాకా కాలిస్తే మెత్తబడతాది, నిజమే. కాని టీ6 ఎందుకు కొన్నావు? బలం కోసం గదా. కాల్చగానే ఆ బలం అక్కడ పోయింది. నిచ్చెనకో, మనిషి నిలబడే ప్లాట్‌ఫారానికో అలా చెయ్యకండి, దయచేసి చెయ్యకండి. ఒకసారి వంచింది మళ్ళీ వెనక్కి తిప్పి సరి చెయ్యడం కూడా అల్యూమినియంతో వద్దు, పైకి కనపడకపోయినా లోపల పగులు మొదలవుతాది.

స్టెయిన్‌లెస్. హోటల్ కౌంటర్లు, స్వీట్ షాపు ట్రేలు, గుడి హుండీలు, ఇప్పుడు మన పనిలో పెద్ద భాగం ఇదే. ఈ తుప్పు పట్టని గుణం ఎక్కడిది? క్రోమియంది. మన తెరుబలిలో ఫెర్రోక్రోమ్, అంటే క్రోమియం, ఇనుము కలిసిన లోహం తయారవుతాది, స్టెయిన్‌లెస్ చేసే కంపెనీలు కొనేది అదే. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 202 అని ఇంకోటుంది, నికెల్ ఖరీదని తగ్గించి మాంగనీస్ పెంచుతారు, నికెల్ 4 నుంచి 6 శాతం ఉంటాది. మెరుపులో రెండూ ఒక్కలాగే ఉంటాయి. 304 అని చెప్పి 202 ఇవ్వడం మన దగ్గర జరుగుతున్న మోసం.

మాగ్నెట్ పెట్టి చూస్తామంటారు. మాగ్నెట్‌తో 304కీ 202కీ తేడా తెలీదండి, రెండూ అంటుకోవు. 430 అంటుకుంటాది, అందులో నికెల్ ఉండదు. పైగా అసలైన 304 వంచిన తరవాత మడత దగ్గర కొంచెం అంటుకుంటాది, అది చూసి కస్టమరు "డూప్లికేట్ వేశావు" అని గొడవ పెడతాడు. ఏ రకమో తేల్చడానికి చిన్న సీసాలో టెస్టింగ్ లిక్విడ్ వస్తాది, చుక్క వేసి బ్యాటరీ తగిలిస్తే రంగు బట్టి 202నా 304నా తెలుస్తాది. షాపుకొకటి కొనుక్కోండి.

వంచడంలో స్టెయిన్‌లెస్ గుణం ఏటంటే వంగుతూ వంగుతూ గట్టిపడతాది, 202 ఇంకా తొందరగా గట్టిపడతాది. మైల్డ్ స్టీల్‌ని 90కి ఒక డిగ్రీ ఎక్కువ వంచితే సరిపోతాదా, దీన్ని రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వంచాలి, అప్పుడు వెనక్కి తిరిగి 90 దగ్గర ఆగుతాది. బలం ఒకటిన్నర రెట్లు అడుగుతాది. మీ చేతి ఫోల్డింగ్ మెషిన్ మీద 1.6 మైల్డ్ స్టీల్ కెపాసిటీ అని రాసుంటే స్టెయిన్‌లెస్‌కి అది 1.2 అనుకోండి. 1.6 పెట్టి ఇద్దరు ముగ్గురు వేలాడి వంచితే రేకు మధ్యలో ఉబ్బుతాది, మెషిన్ బీమ్ వంగిపోతాది. ఇనుము గ్రైండ్ చేసిన వీల్‌తో దీన్ని గ్రైండ్ చెయ్యకండి, ఇనప పొడి ఉన్న డైలో పెట్టకండి. ఆ పొడి అంటుకుని తుప్పు చుక్కలు వస్తాయి, కస్టమరు రేకు మంచిది కాదంటాడు.

బరంపురం నుంచి ఎవరైనా వచ్చారా? గోపాల్‌పూర్ వైపు పని చేస్తుంటే వినండి. సముద్రం పక్కన ఉప్పు గాలికి 304 మీద కూడా గోధుమ మచ్చలు వస్తాయి. అక్కడ 316 వాడాలి, అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటాది. రాయగడలో 316 అక్కర్లేదు, కస్టమరు డబ్బు పాడుచెయ్యకండి.

జీఐ, అంటే జింకు పూత పూసిన రేకు. వానలు ఎక్కువ, అందరికీ జీఐ కావాలి. జింకు పూత ఎంతుందో గ్రాముల్లో చెప్తారు, 120, 275 అని, రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి. పూత ఎక్కువైతే ఎక్కువ కాలం ఉంటాది, కాని బిగుతుగా మడిస్తే ఆ మందపు పూత చిట్లి రాలుతాది, తుప్పు అక్కడే మొదలవుతాది. గట్టర్లకి, డక్ట్‌లకి మడత కొంచెం గుండ్రంగా ఇవ్వండి. వెల్డింగ్ చెయ్యాల్సిన పని అయితే జీఐ అసలు ఎంచుకోకండి. సీఆర్ తీసుకుని వంచి, వెల్డ్ చేసి, చివర్న పౌడర్ కోటింగ్ చేయించండి.

ఎందుకంటే జింకు పొగ. పొద్దున్న జీఐ వెల్డింగ్ చేసిన కుర్రాడికి సాయంత్రానికి చలిజొరం, ఒళ్ళు నొప్పులు, నోట్లో ఏదో లోహం రుచి. మర్నాటికి తగ్గిపోతాది, అంచేత ఎవరూ పట్టించుకోరు. పాలు తాగు, బెల్లం తిను అంటారు. పాలు పొట్టలోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తాది, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి? తప్పదనుకుంటే వెల్డ్ పడే చోట జింకు ముందే గ్రైండ్ చేసీయండి, అప్పుడు కూడా మాస్క్ ఉండాలి, బయట గాలిలో చెయ్యండి. రివెట్ వేస్తే అయిపోయే పనికి వెల్డింగ్ ఎందుకు?

రాగి, ఇత్తడి మన దగ్గర తక్కువ, తొందరగా చెప్పీస్తాను. రాగి ఎలాగైనా వంగుతాది. ఇత్తడి మెత్తదా, సగం బిరుసుదా అడిగి కొనండి. రెండూ ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్ళీ మెత్తబడతాయి.

ఇక మెషిన్. రేకు ఎంచుకునేటప్పుడే మీ మెషిన్ కళ్ళ ముందుండాలి. డైలో వీ గాడి వెడల్పు రేకు మందానికి 8 రెట్లు. 3 ఎంఎం అయితే 24. ఆ వీలో లోపలి రేడియస్ వీలో ఆరో వంతు, అంటే 4 దాకా, దానంతటదే వచ్చీస్తాది. 3 ఎంఎం మైల్డ్ స్టీల్‌కి మీటరుకి ఇరవై నుంచి పాతిక టన్నులు పడతాది. 8 అడుగుల పీసు అంటే 50, 60 టన్నులు. అదే స్టెయిన్‌లెస్ అయితే 80, 90. మీది 60 టన్నుల మెషిన్ అయితే ఆర్డరు ఒప్పుకునే ముందు ఈ లెక్క వెయ్యాలా వద్దా? ఇంకోటి, అంచు ఎంత పొడుగుండాలి? వీ వెడల్పులో కనీసం 70 శాతం. 24 వీకి 17 ఎంఎం. డ్రాయింగ్‌లో 10 ఎంఎం అంచు గీసి 3 ఎంఎం రేకు అని రాస్తే అది వంగదు, డైలోకి జారిపోతాది. కస్టమర్ని అడగండి, 1.2కో 1.6కో దిగుతారా అని. కోసిన అంచుకి బర్ ఉంటే, అంటే గరుకు, అది మడతకి లోపలి వైపు రావాలి, బయటికొస్తే పగులు అక్కణ్ణించే మొదలవుతాది. గ్రైండ్ చేస్తే ఇంకా మంచిది.

ఓనర్లకి నా మనవి ఒకటి. ఇక్కడ ఓనర్లున్నారు, నాకు తెలిసిన మొహాలే. బిల్లు మీద గ్రేడు రాయించండి. "ఎంఎస్ షీట్" కాదు, "ఐఎస్ 513 సీఆర్2, 1.2 ఎంఎం" అని. 304 అయితే 304 అని. రాయనన్నోడి దగ్గర కొనకండి, రాయపూర్ లైను ఉంది, విజయనగరం ఉంది, వేరే కొట్లున్నాయి. పెద్ద ఆర్డరుకి టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, దాని మీద హీట్ నెంబరు, అంటే ఆ మెటల్ కరిగించిన బ్యాచ్ నెంబరు, రేకు మీదున్న నెంబరుతో కలవాలి. ఆ బిల్లు చేతిలో ఉంటే పగిలినప్పుడు కొట్టువాణ్ణి అడగొచ్చు. లేకపోతే ఎవర్ని అడుగుతారు? కుర్రాణ్ణే అడుగుతారు. వాడికి రోజుకి వచ్చీదెంత, అందులో మీరు కోసీదెంత? ఏ రేకు కొనాలో వాణ్ణి ఎప్పుడైనా అడిగారా? అడగనప్పుడు వాడి డబ్బులు కొయ్యకండి.

ప్రశ్నలేటైనా ఉంటే అడగండి. ... ఆ, రైస్ మిల్లు హాపర్, అంటే వడ్లు పోసే గరాటు తొట్టి గురించా మావయ్యా? మైల్డ్ స్టీల్ రేకు అరిగిపోతోందంట, గట్టి రేకు ఏదైనా వాడొచ్చా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. వడ్ల పొట్టులో సిలికా ఉంటాది, ఇసకలాగ రాపిడి పెడతాది, అందుకే అరుగుతాది. అరుగుదలకని ప్రత్యేకం గట్టి ప్లేట్లు వస్తాయి, కాని అవి వంచడానికి చాలా పెద్ద రేడియస్, చాలా టన్నులు కావాలి, మన మెషిన్ల మీద పెడితే ప్లేటైనా విరుగుతాది డై అయినా విరుగుతాది, ముక్క ఎగిరి మనిషికి తగలొచ్చు. హాపర్ బాడీ మామూలు హెచ్‌ఆర్ 3 ఎంఎంతో వంచుకోండి. గింజ వచ్చి తగిలే ఏటవాలు వైపు మాత్రం ఆ గట్టి ప్లేటు వంచకుండా చదునుగా కోయించి, బోల్టులతో బిగించండి. బోల్టు తల ప్లేటులో దిగిపోయేలాగ ఉండాలి, నట్టు బయటి వైపు. అరిగినప్పుడు ఆ ఒక్క ప్లేటు మార్చుకుంటే సరి, హాపర్ అలాగే ఉంటాది. కొలతలు తెచ్చారా? ఇలా ఇవ్వండి, చూసి మందం చెప్తాను.